ఆడజింకకు అభయము

జింకను చూచి జాలిపడనివాడు మన దేశమున అరుదు. కణ్వాశ్రమమున శకుంతల పెంచిన లేడిపిల్ల మొదలుకొని కావ్యములయందును, చిత్రములయందును జింక సాధుత్వమునకు గుర్తుగా నిలిచినది. అందును పిల్లతల్లియగు లేడిని కొట్టుట మహాపాపమని మన పెద్దల మాట. ఇట్టి భావము మనకే ప్రత్యేకమని తలపరాదు. తుపాకి పట్టి అడవికి పోవు అమెరికా వేటగాండ్రలో గూడ ఇదే భావము గాఢముగా నాటుకొని, ఒక కాలమున శాసనరూపము దాల్చినది. ఆడజింకకు అభయమిచ్చిన ఆ శాసనము మొదట జింకల జాతిని కాపాడినది. పిమ్మట ఆ జాతినే ఆకలికి అప్పగించినది. ఈ రెండును ఎట్లు జరిగినవో, ఆ చిక్కును విప్పుటలో వేట క్లబ్బులకు గల పాత్ర యెట్టిదో ఈ ప్రసంగమున మనవిచేయ దలచినాము.

ముందుగా ఆ జంతువును గూర్చి రెండు మాటలు. మన మైదానములలోని కృష్ణజింకకు ఒకసారి మొలచిన కొమ్ములు జీవితాంతము నిలుచును. అమెరికాలోని తెల్లతోక జింక అట్టిది కాదు. అది మన దుప్పికిని, కణుజునకును చుట్టము. మగదానికే కొమ్ములుండును, అవి యేటేట శీతకాలమున రాలిపోయి వసంతమున మరల మొలచును. ఆడది రమారమి 200 దినములు గర్భము మోసి ఈనును. మేత సమృద్ధిగా నున్నచో కవలలు పుట్టుట సామాన్యము. ఒక మగది పెక్కు ఆడవానితో జతకూడును. ఈ చివరి సంగతియే మన కథకు మూలము.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశమున జింకలకు పట్టిన దుర్గతి యింతంత కాదు. తోళ్ళ కొరకును, నగరముల అంగళ్ళలో మాంసము అమ్ముట కొరకును, ఆడ మగ యను భేదము లేక వానిని చంపిరి. అడవులు నరికి పొలములు చేసిరి. 1900 ప్రాంతమున దేశమంతటను కలిపి తెల్లతోక జింకలు ఐదు లక్షలకు మించి లేవని సాధారణముగా చెప్పబడు అంచనా. 1900లోనే లేసీ చట్టము వచ్చెను. ఒక రాష్ట్రమున చట్టమునకు విరుద్ధముగా చంపిన జంతువును మరియొక రాష్ట్రమునకు తరలించుట నేరమని ఆ చట్టము నిర్ణయించినది. దానితో మాంసపు వర్తకుల చేయి కొంత ఆగినది.

ఇచట ఒక న్యాయసూత్రమును గుర్తుంచుకొనవలెను. అమెరికా న్యాయమున అడవిజంతువు భూస్వామి సొత్తు కాదు; అది ప్రజల సొత్తు, రాష్ట్రప్రభుత్వము దానికి ధర్మకర్త. భూమి మాత్రము ప్రైవేటు ఆస్తి. కనుక పదిమందో, ఇరువదిమందో కలిసి భూమిని కొని గాని, కలప కంపెనీ వద్ద కౌలుకు తీసికొని గాని వేట క్లబ్బుగా ఏర్పడుదురు. ఏ నెలలలో వేటాడవలెను, ఎన్ని జంతువులను కొట్టవచ్చును అనునది రాష్ట్రము చెప్పును. ఆ హద్దునకు లోబడి, కంటబడిన జింకలలో దేనిని కొట్టవలెను, దేనిని విడువవలెను అనునది క్లబ్బు నిర్ణయించుకొనును. ఈ రెండు అధికారముల నడుమ జింక బ్రదుకుచున్నది.

పెన్సిల్వేనియా రాష్ట్రమున 1895లో వేటజంతువుల సంరక్షణకై ఒక కమిషన్ ఏర్పడెను. 1905లో మొదటి రక్షితస్థలమును గీసి, 1906లో మిచిగన్ రాష్ట్రమునుండి 50 జింకలను తెప్పించి విడిచిరి. 1907లో ప్రసిద్ధమగు మగజింక చట్టము వచ్చెను. కొమ్ములు కనబడు మగజింకను మాత్రమే కొట్టవలెను, ఆడదానిని ముట్టరాదు అనునది దాని సారము. ఇతర రాష్ట్రములలో గూడ ఇట్టి చట్టములు వ్యాపించెను. ఆ కాలమునకు ఇది మంచి చట్టమే. మగవానిలో పెక్కు చచ్చినను, మిగిలిన కొద్దిపాటి మగవి ఆడవాని నన్నిటిని చూలుకొలుపగలవు. మంద యెదుగుట ఆగదు. వేటగానికి వేట దొరకును, జాతియు పెరుగును. ఇంతకంటె కావలసినదేమి?

ఆ పెరుగుదల లెక్క చూడుడు. పది ఆడజింకలు ఏటికొక్కొక్క పిల్లనే నిలుపుకొన్నవనుకొందము. పిల్లలలో సగము ఆడవి. చావులు లేవనుకొన్నచో ఆ పది మరుసటి యేడు పదునైదగును; ఆపై యేడు ఇరువదిరెండు; మూడవయేట ముప్పదిమూడు. ఇది కాగితపు లెక్క మాత్రమే కాదు. మిచిగన్ రాష్ట్రమున జార్జి రిజర్వు అను సుమారు 1,150 ఎకరముల స్థలమునకు ఎత్తైన కంచె కట్టి, 1928లో రెండు మగవానిని, నాలుగు ఆడవానిని విడిచిరి. 1933లో మనుష్యులు వరుసగా నిలిచి తోలి లెక్కించినపుడు 160 జింకలు కనబడెను. ఆరు జింకలు ఆరేండ్లు తిరుగకముందే నూటయరువది యయ్యెను!

జింకలు పెరిగినట్లు భూమి పెరుగదు. జింక శీతకాలమున గడ్డి మేయునది కాదు. లేత కొమ్మలను, మొగ్గలను తెంపి తినునది. మంద మితిమీరినచోట మొదట మంచి మేత పోవును, పిదప నాసి మేతయు పోవును. వెనుకకాళ్ళపై నిలిచి మెడ చాచిన జింకకు నోరందునంత యెత్తువరకు చెట్లకు ఆకు రెమ్మ మిగులదు. అడవి యంతటను త్రాడు పట్టి కొలిచినట్లు ఒకే మట్టమున గీత కనబడును. ఆ గీత మీద పచ్చదనము, క్రింద శూన్యము. పెద్దవి ఎట్లో అందుకొనును. నోరు అందని పిల్లలు మొదట చచ్చును. వసంతమున మంచు కరగినపుడు చచ్చినవాని తొడయెముకను విరిచి చూచిన, తెల్లని క్రొవ్వు ఉండవలసిన మూలుగ ఎఱ్ఱని జిగురుగా మారియుండును. అది ఆకలిచావునకు ఆనవాలు. కడుపు నిండియే యుండవచ్చును. కాని నిండినది పోషణ లేని దేవదారు జాతి ఆకులతో. వేటగాండ్రు జాలిపడి ఎండుగడ్డి తెచ్చి వేసినచోటులలో గూడ కడుపులో గడ్డి నిండుగా నుండియే జింకలు చచ్చినవి. చిగుళ్ళకు అలవాటుపడిన కడుపు నడిశీతకాలమున వేసిన ఎండుగడ్డిని అరిగించుకొనజాలదు.

ఇట్టి అనర్థములలో దేశమంతటను మారుమ్రోగినది అరిజోనా రాష్ట్రమందలి కైబాబ్ పీఠభూమి కథ. గ్రాండ్ కాన్యన్ లోయకు ఉత్తరపు అంచున నున్న ఆ అడవిని 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు వేటజంతువుల రక్షితస్థలముగా ప్రకటించెను. అచటి జింకలు వేరొక జాతివి, పెద్ద చెవులవి. వేటను నిషేధించిరి, ప్యూమాలను, తోడేళ్ళను, కయోటీలను ప్రభుత్వపు వేటగాండ్రు తుదముట్టించిరి. నాలుగువేలని అంచనా వేయబడిన జింకలు 1924 నాటికి ముప్పదివేలని కొందరును, లక్ష యని కొందరును చెప్పిరి. 1924 డిసెంబరులో గుఱ్ఱపురౌతులను, కాలినడకవారిని కూర్చి, గంటలు మ్రోగించుచు మందను లోయ దాటించి ఆవలి యొడ్డునకు తోలుటకు యత్నించిరి. ఒక్క జింకయు దాటలేదు; తోలువారి వరుసలోనుండియే అవి వెనుకకు జారిపోయెను. ఆ శీతకాలమునను, మరుసటి శీతకాలమునను అవి వేలకొలది చచ్చెను. కేంద్రప్రభుత్వము జింకలను కొట్టింపబోగా అరిజోనా రాష్ట్రము అడ్డుపడెను. తన భూమిని కాపాడుకొనుటకు కేంద్రము జింకలను చంపింపవచ్చునని 1928లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఆనాటి అంకెలు నమ్మదగినవి కావని గ్రేమ్ కాలీ అను శాస్త్రజ్ఞుడు 1970లో చూపెను. అయినను ఆ యేండ్లలో మొలచి పెరుగవలసిన ఆస్పెన్ చెట్ల తరమొకటి ఆ పీఠభూమిపై లోపించియున్నదని తరువాతి పరిశోధకులు చెట్ల వయస్సును లెక్కించి కనుగొనిరి. అంకెలు సందేహమైనను అడవి సాక్ష్యము మిగిలినది.

పెన్సిల్వేనియాకు మరల వత్తము. అచట పొలములు, తోటలు, అడవిలోని లేతచెట్లు పాడగుట చూచి 1923లో కొంత మేరకు ఆడజింకల వేటకు అనుమతించిరి. 1928లో కమిషన్ మరింత సాహసము చేసి, ఆ యేడు మగజింకల వేటను పూర్తిగా మూసి, కొమ్ములు లేనివానినే కొట్టవలెనని ఉత్తరువు చేసెను. తండ్రులు కొడుకులకు, కొడుకులు మనుమలకు ఇరువది యేండ్లుగా నేర్పిన నీతి ఒక్క ఉత్తరువుతో తలక్రిందులైనది. వేటగాండ్రు తీవ్రముగా ఎదిరించిరి. ఆడదానిని కొట్టినవాడు మగవాడే కాదను మాట శిబిరములలో వినబడెను. ఎందరో ధర్మబుద్ధితోనే ఎదిరించిరని మనము గుర్తింపవలెను. వారికి నేర్పినది అదియే కదా.

విస్కాన్సిన్ రాష్ట్రమున ఈ కలహము మరింత తీవ్రమైనది. దాని నడుమ నిలిచినవాడు ఆల్డో లియోపోల్డు. వేటజంతువుల పోషణ యను శాస్త్రమునకు 1933లో తొలి పెద్ద గ్రంథము వ్రాసినవాడు ఆయనయే. యౌవనమున అటవీశాఖలో పనిచేయుచు, తోడేళ్ళు తగ్గిన జింకలు పెరుగునని నమ్మి తోడేలును కాల్చినవాడును ఆయనయే. ఆ నమ్మకమును విడిచిన వృత్తాంతము ఆయన మరణించిన మరుసటి యేడు, 1949లో వెలువడిన వ్యాససంపుటమున కలదు. 1943లో ఆయన రాష్ట్ర సంరక్షణ కమిషన్ సభ్యుడయ్యెను. ఆ శీతకాలపు చివర ఉత్తరపు అడవులలో ఆకలితో చచ్చిన పిల్లలను స్వయముగా చూచివచ్చిన సంఘమునకు ఆయన అధ్యక్షుడు. ఆ శరత్తున నాలుగుదినములు మగవానికిని, పిమ్మట నాలుగుదినములు కొమ్ములు లేనివానికిని వేట తెరచిరి. సుమారు 1,28,000 జింకలు పడెను. జనుల ఆగ్రహమునకు మేర లేకపోయెను. విస్కాన్సిన్ జింకలను రక్షింపుడను పేరుతోనే ఒక పత్రిక పుట్టి ఆయనను దూషించినది. మరుసటి యేడు కమిషన్ వెనుకంజ వేసి మగజింకల వేటకే తిరిగిపోయెను. 1948లో ఆయన మరణించునాటికి ఆ వాదము తెగలేదు.

ఆయన చేసిన మరియొక పని ఇంత ప్రసిద్ధము కాదు గాని, మన విషయమునకు చాల దగ్గరిది. మిచిగన్ ఉత్తరభాగమున సుపీరియర్ సరస్సు ఒడ్డున, ధనికులు 1889లో స్థాపించిన హ్యూరాన్ మౌంటెన్ క్లబ్బు కలదు. మోటారు కార్ల తయారీదారగు హెన్రీ ఫోర్డు గూడ దానిలో సభ్యుడు. ఎన్నడును గొడ్డలి పడని ప్రాచీనారణ్యము ఆ క్లబ్బు భూమిలో మిగిలియుండెను. దానిని ఎట్లు పోషింపవలెనని క్లబ్బువారు అడుగగా, 1938లో లియోపోల్డు ఒక నివేదిక యిచ్చెను. నడిమి అరణ్యమును నరుకక యథాతథముగా ఉంచి, చుట్టు ప్రక్కల భాగములలో మితముగా కలప తీయవలెననియు, ఆ నేలను శాస్త్రపరిశోధనకు తెరువవలెననియు ఆయన సలహా. క్లబ్బు ఆ మార్గమున నడచెను. 1955లో అచట పరిశోధనకై ప్రత్యేకముగా ఒక సంస్థ ఏర్పడినది. వేటకొరకు కూడినవారు తమ నేలను ఒక ప్రయోగశాలగా చూచుటకు ఇది తొలి యుదాహరణములలో ఒకటి.

కాని ధనికుల క్లబ్బు ఒకటి మారినంత మాత్రమున దేశము మారదు. సామాన్యుల క్లబ్బులు మారవలెను. ఆ మార్పునకు ఒక చిన్న సాధనము తోడ్పడినది. అది జింక దవడయెముక. న్యూయార్కు రాష్ట్రపు జీవశాస్త్రజ్ఞుడు సెవరింగ్‌హాస్ 1949లో, పండ్లు మొలచు క్రమమును, అరుగుదలను బట్టి జింక వయస్సును చెప్పు పద్ధతిని ప్రకటించెను. ఎద్దు పండ్లు చూచి వయస్సు చెప్పు మన రైతుకు ఇది వింత కాదు. ఈ పద్ధతితో చచ్చిన ప్రతి జింకయు బ్రదికియున్న మందను గూర్చి ఒక మాట చెప్పగలదయ్యెను.

దాని ఫలము దక్షిణమున మిసిసిపీ రాష్ట్రమున కనబడినది. 1929లో లియోపోల్డు అచట వేటజంతువులను పరిశీలించినపుడు జింకలు కొద్దిచోటుల మాత్రమే మిగిలియుండెను. పిదప వానిని పట్టి తెచ్చి విడిచి, ఆడవానికి అభయమిచ్చి పెంచిరి. అచటి వేట క్లబ్బులు సామాన్యముగా కలప కంపెనీల అడవులను కౌలుకు తీసికొన్న రైతుల, పనివారల, చిన్న వర్తకుల కూటములు. గురి తప్పినవాని చొక్కా అంచు కత్తిరించి క్లబ్బు గోడకు వ్రేలాడదీయుట వారి వేడుక. ఆడజింకను కొట్టినవానికి జుల్మానా వేయుట వారి కట్టుబాటు. 1970ల నాటికి పెక్కు క్లబ్బు భూములలో జింకలు విస్తారమై, బక్కచిక్కి, కొమ్ములు సన్నబడియుండెను. తోటి క్లబ్బువారు తమ మంచి మగవానిని కొట్టివేయుచున్నారని సభ్యులు అనుమానపడిరి. తప్పు అచట లేదు, మేతలో ఉన్నది.

1977లో మిసిసిపీ స్టేట్ విశ్వవిద్యాలయపు జీవశాస్త్రజ్ఞులు డేవిడ్ గ్విన్, హ్యారీ జేకబ్‌సన్ రాష్ట్రశాఖతో కలిసి ఒక క్రొత్త పద్ధతిని మొదలిడిరి. వారు క్లబ్బువారికి ఉపన్యాసము చెప్పలేదు. ఒక కాటాను, ఒక పుస్తకమును పెట్టుకొనుడనిరి. చంపిన ప్రతి జింకను తూచి బరువు వ్రాయవలెను. దవడయెముక తీసి చీటి కట్టవలెను. మగదైనచో కొమ్ముల పొడవును మొదళ్ళ చుట్టుకొలతను కొలువవలెను. ఆడదైనచో పొదుగులో పాలున్నవో లేవో చూడవలెను. వేటకాలము ముగిసిన పిమ్మట జీవశాస్త్రజ్ఞుడు ఆ పుస్తకము చదివి, ఆ భూమిలో వచ్చు యేడు ఎన్ని ఆడవానిని కొట్టవలెనో చెప్పును. రాష్ట్రము అందుకు చీటీలు మంజూరు చేయును.

ఆ పుస్తకము చదువు విధము సులభము. ఏడాదిన్నర వయస్సు గల మగవాని బరువు సంవత్సర సంవత్సరము తగ్గుచున్నచో మేత చాలుటలేదని అర్థము. ఆడవానిలో పాలున్నవి తక్కువైనచో పిల్లలు నిలుచుటలేదని అర్థము. పడిన మగవానిలో ముప్పాతిక మువ్వీసము ఏడాదిన్నరవే యైనచో మగది పెద్దదగువరకు ఎవ్వరును ఆగుటలేదని అర్థము. పొరుగువానిపై నింద మోపిన సభ్యునికి తన చేతివ్రాతయే సాక్ష్యమిచ్చెను. ఆడవానిని కొన్నియేండ్లు కొట్టిన పిమ్మట మిగిలినవాని బరువులు పెరుగుట గూడ ఆ పుస్తకముననే కనబడెను. ఇరువదియేండ్ల వాదములకు లొంగని వేటగాడు కాటాకు లొంగెను. తరువాత పెక్కు రాష్ట్రములు ఈ పద్ధతిని అనుసరించినవి.

అదే కాలమున టెక్సస్ రాష్ట్రమునుండి రెండవ మాట వచ్చెను. అల్ బ్రదర్స్, మర్ఫీ రే అను ఇరువురు జీవశాస్త్రజ్ఞులు 1975లో నాణ్యమైన తెల్లతోక జింకలను పెంచుటను గూర్చి ఒక గ్రంథము వ్రాసిరి. ఆడవానిని తగినన్ని కొట్టవలెను, పడుచు మగవానిని విడువవలెను అనునది దాని బోధ. 1988లో దక్షిణ కెరొలైనా రాష్ట్రమున జో హామిల్టన్ అను జీవశాస్త్రజ్ఞుడు ఈ బోధను ప్రచారము చేయుటకు ఒక సంఘమును స్థాపించెను. అది దేశమంతట వ్యాపించినది. కొమ్ముల జింకను ఎదుట నిలుపుకొని, తుపాకి దించి, పోనిమ్మని విడుచుట క్రమముగా గౌరవమైన పని యయ్యెను.

మంచి బోధకు అతి ప్రయోగము వెన్నంటియే యుండును. కొన్ని క్లబ్బులు జింకలను పందెపు కోళ్ళవలె చూడనారంభించి, కొమ్ములు చిన్నవైన మగవానిని ఏరివేసినచో వంశము బాగుపడునని నమ్మినవి. దక్షిణ టెక్సస్‌లోని కొమాంచి రాంచిలో 2006 మొదలుకొని పెక్కేండ్లు దీనిని పరీక్షించిరి. ఒక భాగమున తీవ్రముగా ఏరివేసిరి, మరొక భాగమున మితముగా, వేరొక భాగమున ఏమియు చేయలేదు. ఏరివేతవలన కొమ్ములు పెరుగలేదు. తీవ్రముగా ఏరినచోట మగవాని సంఖ్యయే క్షీణించినది. వయస్సు, మేత, వంశము అను మూడింటిలో మొదటి రెండే మనుష్యుని చేతిలోనున్నవని ఆ పరీక్ష నేర్పినది.

ఇప్పుడు మరియొక కష్టము వచ్చిపడినది. జింకల మెదడును క్షీణింపజేసి చంపు ఒక రోగము 1967లో కొలరాడో రాష్ట్రమున మొదట గుర్తింపబడి, 2002లో విస్కాన్సిన్‌కును, 2018లో మిసిసిపీకిని ప్రాకినది. దానికి మందు లేదు. వయస్సు మళ్ళిన మగవానిలో అది హెచ్చుగా కనబడుచున్నది. మగవానిని పెద్దవగువరకు విడువుడన్న బోధకు, మంద పలుచగా నుంచి రోగమును తగ్గింపవలెనన్న అవసరమునకు ఇప్పుడు పొత్తు కుదుర్చుకొనవలసియున్నది. తెల్లతోక జింకలు దేశమున నేడు సుమారు మూడుకోట్లని అంచనా. ఒక శతాబ్దము క్రిందట అంతరించునేమో యని భయపడినవి, నేడు మితిమీరునేమో యని భయపెట్టుచున్నవి.

మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి, వేట నిలిచిపోయినది. హైదరాబాదు శివారున నిజాము వేటాడిన నేల 1975లో మహావీర్ హరిణ వనస్థలి యను పేర కృష్ణజింకల ఉనికిపట్టు అయినది. కనుక ఏ జింకను కొట్టవలెనను ప్రశ్న మన యెదుట లేదు. కాని జింకకు ఎంత మేత కలదు, ఆ నేల ఎన్నిటిని భరించును అను ప్రశ్న తుపాకి ఉన్నచోటను, లేనిచోటను ఒక్కటే. పెన్సిల్వేనియా వేటగాడు 1907లో లేడిని విడిచినది దయతోనే; మిసిసిపీ వేటగాడు డెబ్బదియేండ్ల తరువాత దానిని కొట్టినదియు జాతి మేలు కోరియే. మొదటివాని యెదుట ఒక లేడి మాత్రమే నిలిచియుండెను. రెండవవాని చేతిలో ఆ లేడితోపాటు మందయంతటి బరువులు వ్రాసిన పుస్తకము కూడ ఉండెను.